కార్డు జేబులోనే ఉంది, ఖర్చు మాత్రం విదేశంలో: ఆ నష్టం ఎవరిది?

అనంతపురం సుభాష్ రోడ్డులో అంగడి నడుపుకునే ఒక వ్యాపారి పొద్దున లేచి ఫోన్ చూసుకున్నాడనుకుందాం. బ్యాంకు నుంచి రెండు మెసేజ్‌లు ఉన్నాయి. రాత్రి 2:14కి ఒక డాలరు, 2:19కి 412 డాలర్లు ఆయన క్రెడిట్ కార్డు మీద ఖర్చయ్యాయి. ఎప్పుడూ పేరు వినని విదేశీ వెబ్‌సైట్. కార్డు చూస్తే పర్సులోనే ఉంది. ఓటీపీ రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు, ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు టెన్షన్ పట్టుకుంటుంది. ఎక్కడో మనమే పొరపాటు చేశామేమో, ఇక ఈ డబ్బు మన నెత్తిన పడ్డట్టేనేమో అనిపిస్తుంది. పై ఉదాహరణలో ఉన్నట్టే జరిగితే ఆ రెండు భయాలకూ ఆధారం లేదు.

అయినా గొడవ ఎందుకులే అని బిల్లు కట్టేసేవాళ్లు ఉన్నారు. నెలాఖరున స్టేట్‌మెంట్ వచ్చాక గానీ బ్యాంకుకు చెప్పనివాళ్లూ ఉన్నారు. నిబంధన తెలియక పోగొట్టుకునే డబ్బు ఇది. 2022లో రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపే వీలు వచ్చాక, స్వైపింగ్ మిషన్ లేని చిన్న అంగట్లో కూడా క్యూఆర్ కోడ్ మీద క్రెడిట్ కార్డు డబ్బు ఖర్చవుతోంది. కర్నూలు, కడప, అనంతపురం వీధుల్లోకి కార్డు వచ్చినంత తొందరగా, కార్డు మోసం జరిగితే ఏం చేయాలన్న సంగతి రాలేదు.

క్లుప్తంగా

కార్డు నంబరు దొంగిలించడం ఒక రకం, కార్డుదారుడిని మాయచేసి ఓటీపీ రాబట్టడం ఇంకో రకం. రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఈ రెంటినీ వేర్వేరుగా చూస్తాయి. తప్పు అటు బ్యాంకుదీ ఇటు ఖాతాదారుడిదీ కానప్పుడు, మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారుడి మీద పైసా భారం పడదు. ఓటీపీ తానే ఇచ్చినట్టయితే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిందంతా తనదే. అందుకే డబ్బు ఏ దారిన పోయిందో, ఎప్పుడు ఫిర్యాదు చేశారో ఈ రెండే చివరికి తేలాల్సిన విషయాలు.

పదహారు అంకెల్లో ఎంత రహస్యం ఉంది?

కార్డు మీది నంబరును చాలామంది తాళంచెవి లాంటిది అనుకుంటారు. నిజానికి అది ఇంటి నంబరు లాంటిది. మొదటి ఒకట్రెండు అంకెలు కార్డు ఏ చెల్లింపు నెట్‌వర్క్‌దో చెబుతాయి. 4తో మొదలైతే వీసా, 51 నుంచి 55 మధ్య మొదలైతే మాస్టర్‌కార్డ్. మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలు ఏ బ్యాంకు, ఏ రకం కార్డు అన్నది చెబుతాయి. అదే రకం కార్డు తీసుకున్న వేలమందికి ఆ అంకెలు ఒకటే. చిట్టచివరి అంకె అయితే లెక్కకట్టి పెట్టేదే.

ఆ లెక్క 1960లో పేటెంట్ పొందింది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ తయారుచేశాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లు పరీక్షలకు వాడే 4111 1111 1111 1111 అనే నంబరు మీద దాన్ని చేసి చూడవచ్చు. ఎడమ నుంచి ఒకటి, మూడు, ఐదు ఇలా బేసి స్థానాల్లోని అంకెలను రెట్టింపు చేయాలి. రెట్టిస్తే రెండంకెలు వచ్చినచోట ఆ రెంటినీ కలిపేయాలి. ఇక్కడ 4 కాస్తా 8 అవుతుంది, మిగతా ఏడు ఒకట్లు రెండ్లవుతాయి. మొత్తం 22. ముట్టుకోని ఎనిమిది ఒకట్లు కలిపితే 30. పదితో శేషం లేకుండా పోయింది కాబట్టి నంబరు సరైన రూపంలో ఉన్నట్టే. టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పు పడితే పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. దొంగను ఆపడానికి పెట్టింది కాదు. పైగా అదే లెక్కతో కంప్యూటర్ వరసగా వేల నంబర్లు పుట్టించగలదు. వాటిలో ఏది నిజంగా వాడుకలో ఉందో తెలుసుకోవడానికే ఆ ఒక్క డాలరు ఖర్చు. అది పోయిందంటే కార్డు బతికే ఉందని వాళ్లకు తెలిసిపోయినట్టు. ఐదు నిమిషాల తర్వాత పెద్ద మొత్తం.

ఎనభై తొంభై రూపాయల తెలియని మెసేజ్‌ను చాలామంది పట్టించుకోరు. మోసం మొదలైందని తెలిపే తొలి గుర్తు చాలాసార్లు అదే.

నంబరు జారిపోయే దారులు

కార్డుదారుడి చేతిలో లేని దారులే ఎక్కువ. 2016 అక్టోబరులో దేశంలో సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు బయటపడ్డాయన్న అనుమానంతో బ్యాంకులు కార్డులు మార్చాయి, పిన్‌లు మార్చుకోమన్నాయి. ఏటీఎంల వ్యవస్థ నడిపే ఒక సంస్థ కంప్యూటర్లలోకి మాల్వేర్ చొరబడింది. 2019 అక్టోబరులో దాదాపు 13 లక్షల కార్డుల వివరాలు డార్క్‌వెబ్‌లో అమ్మకానికి వచ్చాయి, అందులో అత్యధికం భారతీయ బ్యాంకులవే. ఆ కార్డులు వాడినవాళ్లు చేసిన తప్పేమీ లేదు. ఏటీఎంకు వెళ్లారు, అంగట్లో గీకారు, అంతే.

44వ నంబరు జాతీయ రహదారి మీద ఏ బంకులోనో డాబాలోనో కార్డును చేతికిచ్చి, అది లోపలికి వెళ్లి తిరిగొచ్చేదాకా కారులోనే కూర్చునే అలవాటు ఇంకా ఉంది. పాత మాగ్నెటిక్ గీత కార్డుల కాలంలో ఆ నిమిషం చాలు, స్కిమ్మర్ అనే చిన్న పరికరం మీద ఒకసారి గీకితే నకలు కార్డు తయారయ్యేది. ఆ కార్డులను 2018 డిసెంబరు 31కల్లా చిప్ కార్డులుగా మార్చమని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. చిప్ ప్రతి లావాదేవీకీ కొత్త కోడ్ పుట్టిస్తుంది, దాన్ని కాపీ కొట్టినా రెండోసారి పనికిరాదు. కానీ కార్డు ముందువైపు, వెనకవైపు ఫొటో తీసుకోవడాన్ని చిప్ ఆపలేదు. నంబరు, గడువు తేదీ, సీవీవీ అనే మూడంకెల రహస్య కోడ్ మూడూ ఆ రెండు ఫొటోల్లో దొరుకుతాయి. మిషన్‌ను మన దగ్గరికే తెమ్మనడం, సీవీవీని రాసి పెట్టుకుని కార్డు మీద చెరిపేయడం లాంటివి చిన్న పనులే, కానీ ఈ దారిని అవి చాలావరకు మూసేస్తాయి.

ఆన్‌లైన్ అంగళ్ల సంగతిలో ఒక మంచి మార్పు వచ్చింది. 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలోని వెబ్‌సైట్లు, యాప్‌లు కార్డు నంబరును తమ దగ్గర దాచుకోకూడదు. దాని బదులు టోకెన్ అనే మారు నంబరు ఉంటుంది. ఆ టోకెన్ ఆ కార్డుకూ ఆ యాప్‌కూ మాత్రమే పనికొస్తుంది. యాప్ మీద దాడి జరిగినా దొంగకు దొరికేది ఇంకెక్కడా చెల్లని నంబరు. విదేశీ వెబ్‌సైట్లకు మాత్రం ఈ నిబంధన వర్తించదు.

ఓటీపీ లేకుండా డబ్బు ఎలా పోతుంది?

బ్యాంకు కౌంటర్ దగ్గర తరచూ వచ్చే ప్రశ్న ఇది. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ ఉండాలన్న నియమం 2009 ఆగస్టు నుంచే ఉంది. అందువల్ల ఓటీపీ రాకుండా డబ్బు పోదనే నమ్మకం మనవాళ్లలో స్థిరపడింది. అయితే ఆ నియమం దేశం లోపలి చెల్లింపులకు. విదేశీ వెబ్‌సైట్ ఓటీపీ అడగాలా వద్దా అన్నది ఆ వెబ్‌సైట్ ఇష్టం. చాలాచోట్ల నంబరు, గడువు తేదీ, సీవీవీ ఇస్తే చాలు. సీవీవీ కూడా అడగని చోట్లున్నాయి.

ఓటీపీ అడగని అంగడి ఊరికే రిస్క్ తీసుకోదు. నెట్‌వర్క్‌ల నియమాల ప్రకారం, రెండో ధ్రువీకరణ లేకుండా అమ్మిన సరుకు మీద అసలు కార్డుదారుడు అభ్యంతరం చెబితే నష్టం సాధారణంగా ఆ అంగడి మీదే పడుతుంది. డబ్బును ఇలా అంగడి నుంచి వెనక్కి తీసుకోవడాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. ఓటీపీ లేకుండా జరిగిన విదేశీ ఖర్చును బ్యాంకు వెనక్కి తెప్పించే దారి అందుకే బలంగా ఉంటుంది. ఓటీపీ రాలేదన్నది కార్డుదారుడికి అనుకూలమైన సాక్ష్యం.

దీనికి ముందుజాగ్రత్త కూడా ఉంది. 2020 మార్చి 16 తర్వాత ఇచ్చే కొత్త కార్డుల్లో విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం, కాంటాక్ట్‌లెస్ వాడకం మనం అడిగితే తప్ప ఆన్ చేయకూడదు. పాత కార్డులకైనా యాప్‌లో ఈ స్విచ్‌లు ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. పిల్లల విదేశీ చదువు దరఖాస్తు ఫీజు కోసమో, ఏదో సాఫ్ట్‌వేర్ చందా కోసమో ఒకసారి ఆన్ చేసి మర్చిపోయిన కార్డులే ఎక్కువగా ఇలా దొరికిపోతాయి. కాంటాక్ట్‌లెస్‌కు ఇంకో లెక్క ఉంది. 2021 జనవరి 1 నుంచి రూ.5,000 దాకా పిన్ లేకుండా చెల్లుతుంది. కార్డు ఎక్కడైనా పడిపోతే దొరికినవాడు ఆ మేరకు గీకగలడు. బంగారం, పెట్రోలు, మందులు అన్నీ కార్డుతోనే కొనేవాళ్లు ఆ పరిమితిని యాప్‌లో తగ్గించుకోవచ్చు.

మన నోటితోనే చెప్పించే మోసం

రెండో రకంలో దొంగకు నంబరు ముందే దొరికి ఉంటుంది, ఓటీపీ ఒక్కటే తక్కువ. అందుకే ఫోన్. రివార్డ్ పాయింట్లు ఈ రాత్రికి పోతాయంటాడు, లిమిట్ పెంచుతామంటాడు, మీరు అడగని ఇన్సూరెన్స్ రద్దు చేస్తామంటాడు. కార్డులో మొదటి కొన్ని అంకెలు తానే చదివి వినిపించి నమ్మిస్తాడు. అవి అదే రకం కార్డున్న అందరికీ ఒకటేనని తెలియనివాళ్లు, నిజంగా బ్యాంకు మనిషే అనుకుంటారు.

వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతోనో, ప్రభుత్వ పథకం పేరుతోనో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్‌లోకి నేరుగా యాప్‌ను ఎక్కించే ఫైలు) ఇంకా ప్రమాదం. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, ఓటీపీ మనం చెప్పకుండానే వాళ్లకు చేరుతుంది. ఆ అనుమతి ఇచ్చిన రైతో, పింఛను పెద్దాయనో తాను ఓటీపీ ఎవరికీ చెప్పలేదనడం నిజమే. అయినా బ్యాంకు రికార్డులో ఓటీపీ సరిగ్గానే పడింది. వివాదాలన్నిట్లోకీ కష్టమైనది ఇదే. ఆ ఫైలును డిలీట్ చేసి ఫోన్ రీసెట్ చేసేస్తే, తాను చెప్పలేదని చూపించే ఆధారం కూడా దాంతోపాటే పోతుంది. ఫోన్‌ను ఇంటర్నెట్ నుంచి తీసేసి, అలాగే పోలీసులకు చూపించాలి.

బ్యాంకు నంబరు కోసం గూగుల్‌లో వెతికి, అక్కడ దొరికిన దొంగ కస్టమర్ కేర్ నంబరుకే ఫోన్ చేసి రెండోసారి మోసపోవడం కూడా మామూలైపోయింది. కార్డు వెనక అచ్చయిన నంబరు తప్ప వేరేది నమ్మకూడదు.

మూడు పనిదినాల లెక్క

నష్టం ఎవరిదన్న ప్రశ్నకు రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ జవాబు చెబుతుంది. తప్పు బ్యాంకుదైతే, ఖాతాదారుడు ఎప్పుడు చెప్పినా చెప్పకపోయినా నష్టం బ్యాంకుదే. తప్పు ఇద్దరిదీ కాక మధ్యలో ఇంకెక్కడో ఉంటే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెప్పినవారికి బాధ్యత సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే కొంత భరించాలి. లిమిట్ రూ.5 లక్షల దాకా ఉన్న క్రెడిట్ కార్డుకు ఆ భారం గరిష్ఠంగా రూ.10,000, అంతకు మించిన లిమిట్ ఉంటే రూ.25,000. పోయింది అంతకన్నా తక్కువైతే పోయినంతే. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న విధానం ప్రకారం తేలుస్తారు. అప్పుడిక దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టే, ఫిర్యాదు ఉంటుంది గానీ బలం ఉండదు.

పనిదినాలను హోం బ్రాంచి క్యాలెండర్ ప్రకారం లెక్కిస్తారు, మెసేజ్ వచ్చిన రోజును వదిలేస్తారు. రెండో శనివారానికి ముందు శుక్రవారం రాత్రి మెసేజ్ వచ్చిందనుకుంటే శుక్రవారం లెక్కలో లేదు, శని ఆదివారాలు సెలవు. సోమ, మంగళ, బుధవారాలే మూడు రోజులు. బుధవారం దాకా గడువు ఉంది కదా అని ఆగమని దీని అర్థం కాదు. కార్డు బ్లాక్ అయ్యేదాకా దొంగ ఖర్చు పెడుతూనే ఉంటాడు.

ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చూపాలి, ఖర్చు జరిగిన తేదీ నుంచే జమ అయినట్టు లెక్క కట్టాలి. 90 రోజుల్లో తేల్చాలి. ఖాతాదారుడే బాధ్యుడని నిరూపించాల్సిన భారం బ్యాంకుదే. ఈ చివరి మాట తెలిసినవాళ్లు చాలా తక్కువ. మీరే ఓటీపీ ఇచ్చి ఉంటారని కౌంటర్‌లో నోటిమాటగా అనేస్తే సరిపోదు, ఆధారం చూపమని రాతపూర్వకంగా అడగవచ్చు. మోసమని అభ్యంతరం చెప్పిన మొత్తం మీద, విషయం తేలేదాకా ఎలాంటి చార్జీ వేయకూడదని క్రెడిట్ కార్డుల మీద 2022లో ఇచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. అభ్యంతరం లేని మిగతా బిల్లు మాత్రం గడువులో కట్టేయాలి. దాన్నీ ఆపేస్తే వడ్డీ, ఆలస్య రుసుము, సిబిల్ స్కోరు దెబ్బతినడం వేరే తలనొప్పి.

మరి మోసపోయి ఓటీపీ ఇచ్చినవాళ్ల సంగతి? వాళ్లు బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టమంతా వాళ్లదే, చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. అమెరికాలో క్రెడిట్ కార్డు దుర్వినియోగం మీద చట్టప్రకారం కార్డుదారుడి భారం 50 డాలర్లకు మించదు. బ్రిటన్‌లో తన అనుమతి లేని చెల్లింపుల మీద 35 పౌండ్లు. పైగా బ్రిటన్ 2024 అక్టోబరు 7 నుంచి, మాయమాటలు నమ్మి తానే బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసినవాళ్లకు కూడా 85,000 పౌండ్ల దాకా తిరిగి ఇప్పిస్తోంది. డబ్బు పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం భరిస్తాయి. దొంగ ఖాతాను తెరవనిచ్చిన బ్యాంకుకూ నొప్పి తగలాలన్నది అక్కడి ఆలోచన. మన నిబంధనలో ఆ సగం లేదు. చదువురాని మనిషి, ఇంగ్లిష్ మెసేజ్ అర్థం కాక మోసపోయినా అది అతని నిర్లక్ష్యం కిందే జమ అవుతుంది. సర్క్యులర్‌లో అన్నిటికన్నా బలహీనమైన చోటు అదే.

మొదటి గంటలో

యాప్ తెరిచి కార్డు ఆఫ్ చేయడం అర నిమిషం పని, కస్టమర్ కేర్ లైన్‌లో వేచి ఉండక్కర్లేదు. ఆ తర్వాత ఫోన్ చేసి కార్డును శాశ్వతంగా బ్లాక్ చేయించి ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోవాలి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ ఫిర్యాదు పోలీసులు, బ్యాంకులు, వాలెట్ కంపెనీలు కలిసి చూసే వ్యవస్థలోకి వెళ్తుంది. కార్డు ఖర్చు మెసేజ్‌లో వెంటనే కనిపించినా, అంగడివాడి బ్యాంకుకు అసలు డబ్బు చేరడానికి సాధారణంగా ఒకట్రెండు రోజులు పడుతుంది. సరుకు బయల్దేరకముందే, వాలెట్ ఖాళీ కాకముందే పట్టుకోగలిగితే ఆపవచ్చు. గంట ఆలస్యమైతే ఆ డబ్బు నాలుగు మ్యూల్ ఖాతాలు (దొంగలు వాడుకునే ఇతరుల ఖాతాలు) దాటిపోవచ్చు.

బ్రాంచికి పరుగెత్తినవాళ్లకు, క్రెడిట్ కార్డు మా బ్రాంచి చేతిలో లేదన్న జవాబు వస్తుంటుంది. కొన్ని బ్యాంకుల కార్డులను వేరే అనుబంధ కంపెనీ ఇస్తుంది కాబట్టి అది నిజమే కావచ్చు. అలాంటప్పుడు ఈమెయిల్ ద్వారా కార్డు కంపెనీకే రాయాలి. బ్రాంచిలో ఇచ్చిన కాగితం మీద తేదీ, ముద్ర వేయించుకోవడం మాత్రం మరవకూడదు. పోలీస్ స్టేషన్‌లో ఇది మా పరిధి కాదనడానికి ఇప్పుడు వీల్లేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఫిర్యాదుకు 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

కువైట్‌లో మనిషి, కడపలో సిమ్

కడప చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్‌కు వెళ్లి పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్ల బ్యాంకు ఖాతాలకు, కార్డులకు ఇక్కడి పాత నంబరే ఉంటుంది. ఆ సిమ్ ఇంట్లో బీరువాలో ఉంటుంది, లేదా రీచార్జ్ లేక ఆగిపోయి ఉంటుంది. ఆగిపోయిన నంబరును 90 రోజుల తర్వాత టెలికాం కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మోసపు మెసేజ్ అసలు మనిషికి చేరదు, వేరే ఎవరికో చేరుతుంది. గడువు మొదలయ్యేది సమాచారం అందినప్పటి నుంచి. మెసేజ్ పంపామని బ్యాంకు, అందలేదని ఖాతాదారుడు వాదించుకునే పరిస్థితి ఇక్కడే వస్తుంది. విమానం ఎక్కేముందే ఈమెయిల్ అలర్ట్ పెట్టుకోవడం, వాడని కార్డును పూర్తిగా ఆఫ్ చేయడం, వీలైతే ఎన్నారై ఖాతాకు మార్చుకుని విదేశీ నంబరు ఇవ్వడం ఈ చిక్కును తప్పిస్తాయి.

అమ్మేవాళ్లకూ ఇందులో నష్టం ఉంది. ధర్మవరం పట్టుచీరలను వాట్సాప్‌లో చూపించి విదేశాలకు పంపే వ్యాపారులు పేమెంట్ లింక్ మీద విదేశీ కార్డు తీసుకుంటారు. డబ్బు పడింది కదా అని చీర పంపేస్తారు. ఆ కార్డు దొంగదని తేలితే అసలు యజమాని దాదాపు 120 రోజుల దాకా చార్జ్‌బ్యాక్ పెట్టవచ్చు. అప్పటికి చీర వెళ్లిపోయి ఉంటుంది, డబ్బు కూడా వెనక్కి పోతుంది. కార్డు మీది పేరు ఒకటి, చేరవేసే చిరునామా ఇంకొకరిది, బేరం ఆడకుండా ఖరీదైన చీరలు ఒకేసారి ఐదారు, పైగా ఈ రోజే పంపమని తొందర. ఇలాంటి ఆర్డరును రెండు రోజులు ఆపి సరిచూసుకుంటే పోయేదేమీ లేదు. పేమెంట్ లింక్ ఇచ్చే కంపెనీని అడిగి, ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ జరిగిన విదేశీ కార్డులనే అంగీకరించేలా పెట్టుకోవచ్చు కూడా.

రాబోయే మార్పు

ఎస్సెమ్మెస్ ఓటీపీ మీదే ఆధారపడటాన్ని తగ్గించేలా రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలు ఇచ్చింది. వాటి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. వేలిముద్ర, యాప్‌లో ఆమోదం లాంటి ఇతర పద్ధతులకు వాటిలో చోటుంది. ఈ నిబంధనలు పాటించకపోవడం వల్ల నష్టం జరిగితే కార్డు ఇచ్చిన సంస్థే మొత్తం భర్తీ చేయాలి. విదేశీ ఆన్‌లైన్ ఖర్చుల మీద 2026 అక్టోబరు 1 అనే ఇంకో తేదీ ఉంది. విదేశీ అంగడి ధ్రువీకరణ కోరితే దాన్ని పూర్తిచేసే ఏర్పాటు అప్పటికి మన కార్డు కంపెనీల దగ్గర ఉండాలి. కోరని అంగడి విషయంలో రిస్క్‌ను కంపెనీయే అంచనా వేసుకోవాలి. అంటే రాత్రి 2:14కి వచ్చే ఆ ఒక్క డాలరు మెసేజ్ పూర్తిగా ఆగిపోదు. ఎప్పుడూ విదేశీ ఖర్చు పెట్టని అనంతపురం కార్డు మీద ఐదు నిమిషాల్లో 412 డాలర్లు అడిగితే, అది తేడాగా ఉందని గుర్తుపట్టి ఆపాల్సిన పని మాత్రం ఇకమీదట నిద్రలో ఉన్న కార్డుదారుడిది కాకుండా కంపెనీ కంప్యూటర్‌ది అవుతుంది.